వందేళ్ల మున్సిపల్ హైస్కూలు చరిత్ర రాయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. గోదావరి డెల్టాలో మీది చిన్న పట్నం. అక్కడి మున్సిపల్ హైస్కూలుకు వందేళ్ల పండగ చేయాలని పూర్వ విద్యార్థులు అనుకుంటున్నారు. ఆ పండగకు వేసే ప్రత్యేక సంచికలో స్కూలు చరిత్ర రాసే పని మీ మీద పెట్టారు. తీరా చూస్తే గేటు ఆర్చీ మీద ఒక సంవత్సరం ఉంది, పాత హాలు గోడలో ఉన్న శిలాఫలకం మీద ఇంకొకటి ఉంది, ఊళ్లో పెద్దవాళ్లు చెప్పేది ఆ రెండూ కాదు. ఏది నమ్మాలి, కాగితాలు ఎక్కడ దొరుకుతాయి అని అడిగారు.

నేను పడమటి డెల్టాలో జిల్లా పరిషత్ హైస్కూళ్లలో సోషల్ మేష్టారిగా, తర్వాత హెడ్మాస్టరుగా చేసి రిటైరయ్యాను. ఆ తర్వాత ఇటు నరసాపురం, భీమవరం వైపూ అటు కోనసీమలోనూ కొన్ని స్కూళ్ల సంచికలకు చరిత్ర రాయడంలో సాయం చేశాను. ఈ సంవత్సరాల తగాదా దాదాపు ప్రతిచోటా ఉంటుంది. ఒక ఊళ్లో అయితే కమిటీ రెండుగా చీలేదాకా వెళ్లింది. కాబట్టి ముందు దాని సంగతి చూద్దాం.

మూడు సంవత్సరాలూ నిజమే అయ్యుండొచ్చు. మన వైపు హైస్కూళ్లు ఒక్కరోజులో వెలిసినవి కావు. ముందు ఏ సత్రం అరుగు మీదో, గుడి మండపంలోనో చిన్న బడి ఉండేది. కొన్నేళ్లకు అందులో ఇంగ్లీషు చేరి మిడిల్ స్కూలయ్యేది. ఇంకొన్నేళ్లకు పై ఫారాలు, అంటే పై తరగతులు, వచ్చి హైస్కూలు, ఆ తర్వాత ఎప్పటికో సొంత బిల్డింగు. పెద్దలు చెప్పేది వాళ్ల తాతలు చదివిన బడి సంవత్సరం. శిలాఫలకం మీదిది బిల్డింగు సంవత్సరం. ఆర్చీ మీదిది సాధారణంగా హైస్కూలుగా గుర్తింపు వచ్చిన సంవత్సరం, లేదా ఆర్చీ కట్టించిన దాత కుటుంబం చెప్పిన సంవత్సరం. మీరు స్కూలు ఎప్పుడు పుట్టిందనే ప్రశ్న పక్కన పెట్టి, ఏ సంవత్సరంలో మేష్టర్లకు జీతాలు ఎవరిచ్చారు అని అడగడం మొదలుపెట్టండి. జీతం ఇచ్చినవాళ్ల దగ్గర కాగితం ఉంటుంది. కాగితం దొరికితే తగాదా అదే తేలిపోతుంది.

డెల్టాలో చదువు నీళ్ల వెనకే నడిచింది. 1832-33 కరువుకీ, 1839లో కోరంగి ఉప్పెనకీ ఈ జిల్లా బాగా చితికిపోయింది. 1847లో మొదలైన ధవళేశ్వరం ఆనకట్ట 1852కి పూర్తయింది. కాలువలు పారాక పొలం పండింది, రైతు చేతిలో నాలుగు డబ్బులు ఆడాయి. అవే కాలువల మీద పడవలు తిరిగాయి కాబట్టి ఊరికీ ఊరికీ రాకపోకలు పెరిగాయి. శిస్తు రసీదు చదువుకోవాలన్నా, తాలూకా కచేరీలో అర్జీ పెట్టుకోవాలన్నా అక్షరం అవసరమైంది.

సరిగ్గా ఆ రోజుల్లోనే రాజమండ్రి జిల్లా సబ్ కలెక్టరుగా ఉన్న జి.ఎన్. టేలర్ నరసాపురం, పాలకొల్లు, పెనుగొండ, ఆచంటల్లో స్కూళ్లు పెట్టించాడు. అవి చూసి చుట్టుపక్కల పల్లెల రైతులు మాకూ బడి కావాలన్నారు. ఊరికే అడగలేదు. శిస్తుతో పాటు మరికొంత కలిపి కడతాం, ఆ డబ్బుతో బడి నడపండి అన్నారు. వీటికే రేట్ స్కూళ్లని పేరు. ఈ పద్ధతికి చట్టం అండ ఉండాలని మద్రాసు ప్రభుత్వం 1863లో ఎడ్యుకేషన్ యాక్టు తెచ్చింది. నరసాపురంలో టేలర్ హైస్కూలు ఆయన పేరు మీదే ఉంది. నాకు ఈ ఘట్టం అంటే చాలా గౌరవం. మనం అలవాటుగా సర్కారు బడి అంటాం. ఈ గడ్డ మీద రైతులు శిస్తు మీద శిస్తు కట్టుకుని ఆ బడిని తెచ్చుకున్నారు. మీ ఊరు ఆ చుట్టుపక్కలదైతే చరిత్రను ఇక్కడి నుంచే మొదలుపెట్టండి, సంచికలో ఈ మాట తప్పకుండా రాయండి.

దొరల పేర్లతో పాటు మిషన్ల సంగతీ చూడాలి. 1836లో ఇంగ్లండు నుంచి వచ్చిన బౌడెన్, బీర్ కుటుంబాలు నరసాపురం, పాలకొల్లు ప్రాంతంలో స్థిరపడ్డాయి. కెనడియన్ బాప్టిస్టులు 1874 నుంచి కాకినాడలో, లూథరన్లు రాజమండ్రిలో పనిచేశారు. మీ స్కూలుకు మూలం మిషన్ బడి అయితే జిల్లా బోర్డు, తాలూకా బోర్డు ఆఫీసుల కాగితాల్లో దాని తొలిరోజులు కనిపించవు, మిషన్ వార్షిక నివేదికల్లో కనిపిస్తాయి. ఇక జమీందార్ల దారి వేరు. కాకినాడలో 1852లో బడిగా మొదలైనది పిఠాపురం రాజావారి సాయంతో 1884లో కాలేజీ అయింది. అలాంటి అదృష్టం చిన్న పట్నాలకు పట్టలేదు. అవి బోర్డుల మీదే ఆధారపడ్డాయి.

ఆ బోర్డుల వరస తెలిస్తే మీ పని సగం అయినట్టే. 1871 చట్టంతో లోకల్ ఫండ్ వచ్చింది. 1884 చట్టంతో జిల్లా బోర్డులు, తాలూకా బోర్డులు ఏర్పడ్డాయి. 1920 చట్టంతో వాటికి అధికారాలు పెరిగాయి, ఎన్నికైన ప్రెసిడెంట్లు వచ్చారు. డెల్టాలో హైస్కూళ్ల జోరు ఎక్కువగా ఆ తర్వాతదే. తాలూకా బోర్డులు 1934లో రద్దయ్యాయి. 1959 నవంబరు 1న జిల్లా పరిషత్తులు వచ్చాక బోర్డు హైస్కూళ్లు జిల్లా పరిషత్ హైస్కూళ్లయ్యాయి. మా ఊళ్లో ఎనభై దాటినవాళ్లు ఇప్పటికీ బోర్డు స్కూలనే అంటారు. మీ ఊళ్లో వృద్ధుల నోట బోర్డు స్కూలు అనే మాట వస్తే అది చిన్న విషయమని వదిలేయకండి. మీది మొదట మున్సిపల్ స్కూలు కాదని ఆ ఒక్క మాటే చెబుతోంది.

ఇక్కడే చాలామంది పొరపడతారు. మున్సిపాలిటీ పుట్టకముందు మున్సిపల్ హైస్కూలు ఉండదు. రాజమండ్రి, కాకినాడ 1866లోనే మున్సిపాలిటీలయ్యాయి. కానీ భీమవరం మున్సిపాలిటీ అయింది 1948లో. డెల్టాలో మిగతా పట్నాల్లో చాలా వాటి కథ అదే. మీ పట్నం ఎప్పుడు మున్సిపాలిటీ అయిందో ముందు చూసుకోండి. స్కూలు అంతకంటే పాతదైతే, మున్సిపాలిటీకి అప్పగించినప్పుడు ఒక ఉత్తర్వు, ఒక ఆస్తుల జాబితా తయారై ఉంటాయి. ఆ జాబితాలో గదులు, బెంచీలు, బీరువాలు, మ్యాపులు, ఆట స్థలం కొలతలు అన్నీ రాస్తారు. అది దొరికిందంటే ఆనాటి స్కూలు ఎలా ఉండేదో చూసినట్టే రాయొచ్చు. మున్సిపల్ ఆఫీసులో కౌన్సిల్ తీర్మానాల పుస్తకాలు అడగండి. క్లర్కు లేవనే అంటారు. ఓపిగ్గా రెండోసారి, మూడోసారి వెళ్లండి.

రెండో చిక్కు జిల్లాల హద్దులది. పడమటి డెల్టా వాళ్లకు ఇది మరీ ముఖ్యం. నరసాపురం, భీమవరం, తణుకు ప్రాంతం మొదట రాజమండ్రి జిల్లాలో ఉండేది. 1859లో అది గోదావరి జిల్లా అయింది. 1904లో ఈ పడమటి తాలూకాలను కృష్ణా జిల్లాలో కలిపారు. 1925లో పశ్చిమ గోదావరి జిల్లా ఏర్పడింది. 2022 ఏప్రిల్ 4న మళ్లీ హద్దులు మారాయి, ఇప్పుడు పశ్చిమ గోదావరికి భీమవరం ముఖ్యపట్టణం, కోనసీమకు అమలాపురం. అంటే మీ స్కూలుకు 1912లో ఏదైనా గ్రాంటు వచ్చి ఉంటే ఆ కాగితం గోదావరి జిల్లా ఫైళ్లలో ఎంత వెతికినా దొరకదు. కృష్ణా జిల్లా కింద చూడాలి. హెన్రీ మోరిస్ 1878లో రాసిన గోదావరి జిల్లా పుస్తకంలో పడమటి తాలూకాల వివరాలుంటాయి. హెమింగ్‌వే 1907 గెజిటీర్ వచ్చేనాటికి ఆ తాలూకాలు జిల్లాలోంచి వెళ్లిపోయాయి. మీది కోనసీమలోనో, ఇంకా తూర్పునో ఉన్న ఊరైతే ఈ బాధ తక్కువ.

హైస్కూలు అయిన సంవత్సరం ఖాయంగా తేల్చడానికి నేను నమ్మేది పబ్లిక్ పరీక్షని. 1910 ప్రాంతం దాకా మెట్రిక్యులేషన్, ఆ తర్వాత ఎస్.ఎస్.ఎల్.సి. మీ స్కూలు పేరు మీద పిల్లలు మొదటిసారి ఎప్పుడు పరీక్ష రాశారో తెలిస్తే, అప్పటికి అది పూర్తి హైస్కూలు అయిందని తిరుగులేకుండా చెప్పొచ్చు. మద్రాసు ప్రభుత్వ గెజిట్ పాత సంచికలు, విద్యాశాఖ ఏటా వేసిన పబ్లిక్ ఇన్‌స్ట్రక్షన్ రిపోర్టులు ఇప్పుడు నెట్‌లో స్కాన్ చేసి చాలావరకు దొరుకుతున్నాయి. ఊరి పేరును ఆనాటి ఇంగ్లీషు స్పెల్లింగుల్లో వెతకాలి. నరసాపురాన్ని, పాలకొల్లును వాళ్లు పదిరకాలుగా రాశారు. 1902 నుంచి వచ్చిన కృష్ణాపత్రిక, 1914 నుంచి మద్రాసులో దినపత్రికగా వచ్చిన ఆంధ్రపత్రిక కూడా తిరగేయండి. హైస్కూలు ప్రారంభోత్సవాలు, జిల్లా బోర్డు మీటింగులు వాటిలో వార్తలయ్యేవి. రాజమండ్రి గౌతమీ గ్రంథాలయానికి ఒకసారి వెళ్లిరావడం మంచిది.

ఇప్పటి పిల్లలకు అర్థం కావడం కోసం సంచికలో ఒక చోట వివరించండి: ఫస్ట్ ఫారం అంటే ఇప్పటి ఆరో తరగతి, సిక్స్త్ ఫారం అంటే పదకొండో తరగతి. 1960ల చివర్లో పది తరగతుల పద్ధతి వచ్చి, 1969 నుంచి రెండేళ్ల ఇంటర్మీడియట్ మొదలైంది. మీ స్కూలు ఆవరణలోనే ప్రభుత్వ జూనియర్ కాలేజీ ఉంటే దాని మూలం ఆ మార్పులోనే ఉండొచ్చు. హైస్కూలు వాళ్లు, కాలేజీ వాళ్లు పాత హాలు మాదంటే మాదని వాదించుకోవడానికి కారణం కూడా అక్కడే ఉంటుంది.

ఇంతవరకు చెప్పింది స్కూలు అనే సంస్థ గురించి. నా దృష్టిలో అసలు చరిత్ర అడ్మిషన్ రిజిస్టర్లలో ఉంది. హెడ్మాస్టరు గారి గదిలో బీరువా అడుగు అరలోనో, స్టోర్ రూములో విరిగిన బెంచీల వెనక గుడ్డ మూటలోనో ఉంటాయి. టి.సి.ల కోసం, పుట్టిన తేదీ ధ్రువీకరణ కోసం జనం వస్తూనే ఉంటారు కాబట్టి మిగతా పుస్తకాలు పోయినా ఇవి మాత్రం దాచి ఉంచుతారు. అట్ట ఊడిపోయి, అంచులు చెదలు తినేసి, మధ్యలో మాత్రం నల్లసిరా అక్షరాలు ముత్యాల్లా ఉంటాయి. ఒక్కో పిల్లవాడికి ఒక వరస. నంబరు, పేరు, తండ్రి లేదా గార్డియన్ పేరు, వృత్తి, మతం, కులం, ఊరు, పుట్టిన తేదీ, ఏ క్లాసులో చేరాడు, అంతకుముందు ఏ బడి, ఎప్పుడు మానేశాడు, ఎందుకు మానేశాడు.

ముందు ఊరు అనే గడి చూడండి. అయిదేళ్లకొకసారి ఒక్కో ఏడాది తీసుకుని ఏ ఊరి నుంచి ఎంతమంది వచ్చారో లెక్క వేయండి. ఆ ఊళ్లను కాలువల మ్యాపు మీద గుర్తు పెట్టండి. నేను చూసిన స్కూళ్లలో పాతకాలం పిల్లలు కాలువ గట్టు వెంబడి ఊళ్ల నుంచే ఎక్కువగా వచ్చారు. గట్టే వాళ్ల రోడ్డు. మధ్యలో ఏరో పాయో దాటాల్సిన లంక గ్రామాల పేర్లు చాలా ఆలస్యంగా, వంతెన పడ్డాకో బస్సు వచ్చాకో కనిపిస్తాయి. ఈ ఒక్క మ్యాపు మీ సంచికలో వేస్తే ఏ ముందుమాటా అక్కర్లేదు.

తర్వాత గార్డియన్ గడి. తండ్రిది ఒక ఊరు, గార్డియన్‌ది మీ పట్నం అని ఉంటే ఆ పిల్లవాడు ఇల్లు వదిలి వచ్చి చదువుకున్నాడన్నమాట. వారాలు చేసుకుని చదివినవాళ్లు వీళ్లలోనే ఉంటారు. సోమవారం ఒకరింట్లో, మంగళవారం ఇంకొకరింట్లో భోజనం. వారాల భోజనం ఎక్కువగా బ్రాహ్మణ పిల్లలకే దొరికేదని కూడా రాయాలి. మిగతావాళ్లు చుట్టాలిళ్లలో ఉన్నారు, లేదా నలుగురూ కలిసి గది అద్దెకు తీసుకుని చేయి కాల్చుకున్నారు. ఇంటి నుంచి పడవ మీద బియ్యం, పచ్చళ్ల జాడీ వచ్చేవి. మీ ఊళ్లో వారాలు పెట్టిన ఇళ్లేవో ఇంకా చెప్పగలిగినవాళ్లు ఉండి ఉంటారు. వెంటనే అడగండి.

మానేసిన కారణం గడి చదువుతుంటే మనసు బరువెక్కుతుంది. ఫీజు కట్టలేదు, చాలాకాలం రాలేదు, చెప్పకుండా మానేశాడు. ఇవే మళ్లీ మళ్లీ. ఆ రోజుల్లో హైస్కూలుకు ఫీజు ఉండేది. థర్డ్ ఫారం, ఫోర్త్ ఫారం దగ్గర ఆగిపోయిన పేర్లను లెక్కపెట్టండి. పాసైనవాళ్ల లెక్క పక్కన ఈ లెక్క కూడా వేయండి. వాళ్లూ మీ పూర్వ విద్యార్థులే.

పుట్టిన తేదీల విషయంలో మాత్రం జాగ్రత్త. చేర్పించేటప్పుడు మేష్టారే వయసు అంచనా వేసి తేదీ రాసేవారు, అందుకే పాతతరంలో జూలై 1న పుట్టినవాళ్లు అంతమంది. రిజిస్టరు తేదీ చూసి ఎవరి జీవితచరిత్రా రాయకండి.

1942 పేజీలు ప్రత్యేకంగా చూడండి. ఆ ఏడు ఏప్రిల్ 6న జపాన్ విమానాలు కాకినాడ, విశాఖపట్నాల మీద బాంబులు వేశాయి. తీరం ఊళ్ల నుంచి జనం లోపలికి తరలిపోయారు. రంగూన్ నుంచి మన వాళ్లు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని తిరిగొచ్చిందీ ఆ రోజుల్లోనే. ముందు చదివిన బడి అన్న గడిలో ఆ ఊళ్ల పేర్లు కనిపిస్తే, మీ చిన్న పట్నం ఆ యుద్ధంలో ఎవరికి చోటిచ్చిందో తెలుస్తుంది.

రిజిస్టర్ల తర్వాత నేను వెతికేది స్థలం దస్తావేజు. స్కూలు స్థలం ఎవరైనా దానం ఇచ్చి ఉంటే సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో నకలు తీసుకోవచ్చు. సర్వే నంబరు, దాత ఇంటిపేరు, సుమారు సంవత్సరం తెలిస్తే వెతకడం తేలిక. పాత దస్తావేజుల భాష చాలా బాగుంటుంది. తూర్పున పంటబోదె, దక్షిణాన ఫలానా వారి కొబ్బరితోట, పడమర రస్తా, ఉత్తరాన ఊరి చెరువు అని హద్దులు చెప్పి, ఆచంద్రార్కం విద్య కొరకే వినియోగించాలనీ, తనకు గానీ తన వారసులకు గానీ ఇకపై హక్కు లేదనీ రాస్తారు. కొన్నింటిలో తల్లి పేరో తండ్రి పేరో పెట్టాలని షరతు ఉంటుంది. ఆ హద్దులు పట్టుకుని ఒక సాయంత్రం స్కూలు చుట్టూ నడవండి. చెరువు పూడ్చి షాపులు కట్టారేమో, బోదె మీద ఇళ్లు లేచాయేమో తెలుస్తుంది. ఆట స్థలం ఎంత తగ్గిందో కూడా కాగితం మీద తేలిపోతుంది. ఇది సంచిక కోసమే కాదు, స్కూలు ఆస్తిని కాపాడటానికి కూడా పనికొస్తుంది.

శిలాఫలకం మీద పెద్ద దాత పేరు ఒక్కటే ఉంటుంది. చాలా ఊళ్లలో హైస్కూలు మంజూరు కావాలంటే ముందు ఊరివాళ్లు డిపాజిట్ కట్టాలి, గదులు కట్టివ్వాలి. అందుకు ఎకరానికి ఇంత ధాన్యమని వసూలు చేసుకున్నారు. మిల్లులవాళ్లు, కొట్లవాళ్లు చందాలిచ్చారు. ఆ చందా పుస్తకం ఏదో ఒక పాత కమిటీ సభ్యుడి ఇంట్లో అటక మీద ఉండొచ్చు. దొరికితే చిన్న మొత్తాలతో సహా మొత్తం జాబితా అచ్చు వేయండి. పేజీలు ఎక్కువవుతాయని ఎవరైనా అంటే ప్రకటనలు రెండు తగ్గించుకోమనండి.

ఆ శిలాఫలకాల మీద ఇప్పుడు రంగు పూసేసి ఉంటుంది. 2019 నవంబరు 14న మొదలైన నాడు-నేడు పనుల్లో చాలా స్కూళ్లకు మంచి గదులు, బాత్రూములు వచ్చాయి, నిజంగా సంతోషం. అదే ఊపులో కొన్ని చోట్ల పాత రాళ్ల మీద కూడా పెయింటు పడింది. చాకుతోనో ఉలితోనో గీకకండి, అక్షరం పోతుంది. చీకటి పడ్డాక టార్చి లైటును రాయి పక్క నుంచి ఏటవాలుగా వేసి ఫొటో తీయండి, నీడల్లో అక్షరాలు లేస్తాయి. లేదా పల్చటి కాగితం అంటించి పెన్సిలు పక్కవాటుగా రుద్దండి. హెడ్మాస్టరు పేరు పక్కన బి.ఎ., ఎల్.టి. అని ఉంటే అది బి.ఇడి. రాకముందు తరం ట్రైనింగ్ డిగ్రీ, కాలం అంచనాకు పనికొస్తుంది. పాత వసారాకు ఇంకా పెంకు ఉంటే ఒకటి దింపించి అడుగున చూడండి, తయారుచేసిన కంపెనీ పేరు అచ్చుపోసి ఉంటుంది.

ఇక కమిటీ కొంచెం ఇబ్బంది పడే విషయం. మొదటి రిజిస్టర్లలో ఎవరు ఉన్నారో చూసినట్టే ఎవరు లేరో చూడాలి. కులం గడి ఉంది కాబట్టి ఇది దాచినా దాగదు. తొలి దశాబ్దాల్లో మాల, మాదిగ పిల్లల పేర్లు వేళ్ల మీద లెక్కపెట్టేలా ఉంటాయి, లేదా అసలు ఉండవు. 1920ల నుంచి లేబర్ డిపార్ట్‌మెంటు వాళ్లు ఆది ఆంధ్రుల (మాల, మాదిగలకు అప్పట్లో వాడిన పేరు) కోసం విడిగా ప్రాథమిక బడులు నడిపారు. కాకినాడ కాలేజీలో ప్రిన్సిపాల్‌గా ఉన్న రఘుపతి వెంకటరత్నం నాయుడు గారు ఆ పిల్లలను చేర్చుకుని, పిఠాపురం రాజావారి అండతో వాళ్లకు హాస్టల్ నడిపించారు. చిన్న పట్నాల్లో అది జరగడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది. మీ రిజిస్టర్లో మొదటి ఆది ఆంధ్ర విద్యార్థి ఏ సంవత్సరంలో చేరాడు, హాస్టల్ ఎప్పుడొచ్చింది, వచ్చాక సంఖ్య ఎలా మారింది, ఇవి తప్పకుండా రాయండి. క్లాసులో ఎక్కడ కూర్చోబెట్టారు, మంచినీళ్లు ఎవరు పోసేవారు అని ఆ తరం వాళ్లనే వాళ్ల పేటకు వెళ్లి అడగండి. చెప్పడానికి ఒప్పుకుంటే వాళ్ల మాటల్లోనే వేయండి. ఊరికి చెడ్డపేరు వస్తుందని ఎవరో ఒకరు అంటారు. వందేళ్ల పండగలో ఈ మాట చెప్పకపోతే ఇంకెప్పుడు చెబుతాం?

ఆడపిల్లల సంగతీ అంతే. 1874లో వీరేశలింగం గారు ధవళేశ్వరంలో ఆడపిల్లల బడి పెట్టారు. అయినా హైస్కూలు రిజిస్టర్లో మొదటి ఆడపిల్ల పేరు రావడానికి మీ ఊళ్లో ఎన్నేళ్లు పట్టిందో చూడండి. ఆ తర్వాత మానేసిన కారణం గడిలో పెళ్లి అని ఎన్నిసార్లు ఉందో కూడా చూడండి.

పెద్దవాళ్లను కదిపేటప్పుడు స్కూలు గురించి చెప్పండి అంటే అందరూ ఒకేలా, మేష్టర్లు దేవుళ్లు, క్రమశిక్షణ ఉండేది అని చెప్పి ఆపేస్తారు. చిన్న ప్రశ్నలు వేయండి. పొద్దున్న ఏం తిని బయల్దేరేవారు? వర్షాకాలంలో పుస్తకాలు ఎలా తడవకుండా తెచ్చుకునేవారు? మధ్యాహ్నం క్యారేజీ ఎక్కడ విప్పేవారు? బెల్లు కొట్టే అటెండరు ఎవరు? రైలు పట్టా ముక్కా, గంటా? డ్రిల్లు మేష్టారు ఏ ఆట నేర్పించారు? కోతలప్పుడు స్కూలుకు వచ్చేవారా, పొలానికి వెళ్లేవారా? ఇలా అడిగితే ఒక్కో జవాబులోంచి పది విషయాలు వస్తాయి. ఇద్దరు ముగ్గురు క్లాస్‌మేట్లను కలిపి కూర్చోబెడితే ఇంకా మంచిది, ఒకరి మాట ఒకరు సరిదిద్దుకుంటారు. వరదలు, తుఫానుల గురించి విడిగా అడగండి. 1986 ఆగస్టు వరదకీ, 1996 నవంబరు తుఫానుకీ డెల్టాలో ఎన్నో ఊళ్లకు హైస్కూలు గదులే దిక్కయ్యాయి. మీ స్కూల్లో ఎవరు వండారు, ఎన్నాళ్లు ఉన్నారు, రిజిస్టర్లను అటక మీదికి ఎక్కించి కాపాడింది ఎవరు అన్నది రాసి పెట్టండి. ఆ పని చేసింది సాధారణంగా ఒక అటెండరో, జూనియర్ అసిస్టెంటో అయ్యుంటారు. వాళ్లకు సంచికలో సగం పేజీ ఇవ్వండి.

చాలా సంచికలు 1980 దగ్గర ఆగిపోతాయి. అక్కడిదాకా స్వర్ణయుగం, ఆ తర్వాత ఏమీ లేనట్టు. నాకు అది అస్సలు నచ్చదు. ఆ తర్వాతే కదా ప్రైవేటు ఇంగ్లీషు మీడియం స్కూళ్లు వచ్చి, స్తోమత ఉన్నవాళ్ల పిల్లలు మన స్కూళ్లను వదిలింది. రిజిస్టర్లో తండ్రి వృత్తి అన్న గడి అప్పటి నుంచి ఎలా మారిందో చూపించండి. 2003లో వండిన మధ్యాహ్న భోజనం వచ్చింది, 2008లో సక్సెస్ స్కూళ్ల పథకంతో సర్కారు హైస్కూళ్లలో ఇంగ్లీషు మీడియం మొదలైంది. వీటితో హాజరు ఎలా మారిందో మీ స్కూలు లెక్కలే చెబుతాయి. ఈరోజు అక్కడ చదువుతున్న కూలీల పిల్లలు, చేపల చెరువుల మీద పనిచేసేవాళ్ల పిల్లలు ఆ వందేళ్లలో భాగమే. వాళ్ల చేత కూడా ఒక పేజీ రాయించండి.

పనిలోకి దిగేటప్పుడు మొదటి వారంలోనే రిజిస్టర్లన్నీ ఫొటోలు తీయించండి. వ్యాసం సంగతి తర్వాత. హెడ్మాస్టరు గారికి కమిటీ తరఫున లెటరు ఇవ్వండి, పుస్తకాలు స్కూలు దాటి బయటికి వెళ్లవని, ఒక టీచరు దగ్గరుండగానే తీస్తామని అందులో రాయండి. అలా రాస్తే ఒప్పుకుంటారు. కిటికీ పక్కన పగటి వెలుతురులో, ఫ్లాష్ లేకుండా, ఒక్కో పేజీ విడిగా తీయండి. అతుక్కున్న పేజీలను బలవంతంగా విడదీయొద్దు. వేసవిలో చేస్తే మేలు, వానాకాలం చెమ్మకు కాగితం మెత్తబడిపోతుంది. బతికున్నవాళ్ల కులం, పుట్టిన తేదీ, మానేసిన కారణం పేరుతో సహా అచ్చులో రాకూడదు. అంకెలుగా మాత్రమే వాడండి. ఫొటోల కాపీ ఒకటి స్కూలుకు, ఒకటి మీ ఊరి శాఖా గ్రంథాలయానికి ఇవ్వండి.

సంవత్సరం విషయంలో కమిటీ ఒక మాట మీదికి రాకపోతే మూడు సంవత్సరాలూ వేసి, ఏది బడి పుట్టినది, ఏది హైస్కూలు అయినది, ఏది బిల్డింగు లేచినది అని పక్కపక్కన రాయండి. మీ ఊరు పాత రోజుల్లో ఏ తాలూకా కింద ఉండేదో ఇక్కడ చెబితే, ఏ కాలానికి ఏ జిల్లా రికార్డు చూడాలో వివరంగా రాస్తాను.